మేకపిల్లలకు పంట మిగులు మేత: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

నూర్పిళ్లు ముగిసి, కల్లాల పక్కన వాములు లేచిన ఈ రోజుల్లో మా పశుపోషణ శీర్షికకు వచ్చిన ఉత్తరాల్లో చాలా వరకు ఒకే విషయాన్ని అడిగాయి. మాంసం కోసం పెంచే మేకపిల్లలను పంట మిగులుతో ఎంతవరకు మేపవచ్చునన్నది ఆ ప్రశ్న. ప్రాంతాన్ని బట్టి మిగులు మారుతుంది కాబట్టి పంటల వారీగా కొన్ని ఉత్తరాలను ఎంచుకుని జవాబులు రాస్తున్నాను. మేకపిల్ల రెండు మూడు వారాల వయసులోనే ఆకు కొరకడం మొదలుపెట్టినా, నెమరు పొట్ట పీచు మేతను జీర్ణం చేసుకునే స్థితికి రావడానికి సుమారు రెండు నెలలు పడుతుంది. అందువల్ల వేరుగా చెప్పిన చోట తప్ప, ఈ జవాబుల్లో పిల్లలు అన్నప్పుడల్లా పాలు మాన్పించిన, మూడు నెలలు దాటిన పిల్లలనే ఉద్దేశించాను.

ప్రశ్న: మాది కదిరి ప్రాంతం. మూడు నుంచి ఐదు నెలల వయసున్న పోతుపిల్లలు 25 ఉన్నాయి. వేరుశనగ కట్టె (కాయలు కోసిన తర్వాత మిగిలే ఎండు మొక్కలు) వామి వేసి ఉంచాము. బక్రీద్ లోపు అమ్మాలని ఆలోచన. దాణా కొనకుండా ఈ కట్టెతోనే పెంచవచ్చా? పిల్లలు ఆకు మాత్రం ఏరుకుని తిని, పుల్లలన్నీ తొట్టి కింద పడేస్తున్నాయి. కత్తిరించి పెడితే నష్టం తగ్గుతుందా? వామిలో ఒక పక్క వాన నీరు దిగి కొంత నల్లబడింది. దాన్ని ఎండబెట్టి వాడవచ్చా?

జవాబు: మన ప్రాంతంలో దొరికే ఎండు మేతలన్నింటిలో మేకపిల్లకు మొదట పెట్టవలసినది వేరుశనగ కట్టెయేనని నా అభిప్రాయం. ఆకు నిలిచి ఉన్న మంచి కట్టెలో మాంసకృత్తులు సుమారు 9 నుంచి 12 శాతం వరకు ఉంటాయి. వరిగడ్డిలో అవి 3-4 శాతానికి, జొన్న చొప్పలో 4-5 శాతానికి మించవు. పప్పుజాతి పైరు కావడం వల్ల కట్టెలో సున్నం (కాల్షియం) కూడా ఎక్కువగా ఉంటుంది. ఇది పోతుపిల్లలకు ఎందుకు ముఖ్యమో కింద తాండూరు పాఠకునికి ఇచ్చిన జవాబులో వివరించాను.

అయితే ఈ విలువంతా ఆకులోనే ఉంది. తిక్కాకు మచ్చ తెగులు సోకి ఆకు రాలిపోయిన చేను కట్టె, పీకిన తర్వాత ఎండలో మరీ ఎక్కువ రోజులు వదిలేసిన కట్టె, కాయ కోసే యంత్రంలో ఆకు పొడి అయి గాలికి పోయిన కట్టె, ఇవన్నీ చూపుకు కట్టెలాగే ఉన్నా మేతగా పుల్లల కిందే లెక్క. మీ వామి నుంచి ఒక పిడికెడు తీసి తెల్లని గుడ్డ మీద విదిలించి చూడండి. ఆకు, సన్నని కొమ్మలు సగం కంటే ఎక్కువగా కనిపిస్తే మంచి కట్టె అనుకోవచ్చు. పుల్లలు, ఊడలు, మట్టి ఎక్కువగా ఉంటే దాని మీద పిల్లల పెరుగుదలను ఆధారం చేసుకోకూడదు.

పిల్లలు ఆకు ఏరుకుని తినడం నష్టం కాదు. మేక సన్నని మూతితో, కదిలే పెదవులతో మంచిది ఎంచుకుని తినే జీవి. ఆ ఎంపిక వల్లనే నాసిరకం మేతలో నుంచి కూడా తనకు కావలసిన పోషకాలను రాబట్టుకోగలుగుతుంది. కట్టెను అంగుళం ముక్కలుగా కత్తిరించి పెడితే తొట్టి కింద చెత్త తగ్గుతుంది. కానీ ఎదిగే పిల్ల ఏరుకోవడానికి వీలు లేక పుల్ల కూడా తిని పొట్ట నింపుకుంటుంది, మొత్తం మీద మేత తగ్గిస్తుంది, బరువు తగ్గుతుంది. పెద్ద మేకలకు, గేదెలకు కత్తిరించి పెట్టండి. పిల్లలకు మాత్రం అవి తినే దానికంటే పావు వంతు ఎక్కువగా కట్టె వేసి, ఏరుకోనివ్వండి. సాయంత్రం మిగిలిన పుల్లలను ఎత్తి పశువులకు వేస్తే ఏదీ వృథా కాదు. కట్టెను నేల మీద పరచకుండా, పిల్ల మెడ ఎత్తుకు కొంచెం పైన గాదిలాంటి తడికె కట్టి అందులో వేయడం మంచిది. కాళ్ల కింద పడి, పెంట అంటిన మేతను మేక మళ్లీ ముట్టదు.

దాణా లేకుండా పెంచవచ్చా అన్నది అసలు ప్రశ్న. కట్టె ఒక్కటే పెడితే పిల్లలు బతుకుతాయి, నెమ్మదిగా పెరుగుతాయి కూడా. కానీ అమ్మకానికి గడువు పెట్టుకున్నవారికి ఆ వేగం చాలదు. 15 కిలోల పిల్ల రోజుకు దాని బరువులో 3.5 నుంచి 4 శాతం వరకు, అంటే 525 నుంచి 600 గ్రాముల పొడి మేత తింటుంది. అందులో 350-400 గ్రాములు కట్టె ఆకు, 150 గ్రాములు దాణా ఉండి, వీటికి తోడు అవిసె, సుబాబుల్, దశరథ గడ్డి, తుమ్మ కొమ్మల్లో ఏదో ఒక పచ్చి ఆకు గుప్పెడు దొరికితే మన నాటు మేకల్లో రోజుకు 60 నుంచి 80 గ్రాముల పెరుగుదల సాధారణంగా సాధ్యమే. సుబాబుల్‌లో మైమోసిన్ అనే హానికర పదార్థం ఉన్నందున అది మొత్తం మేతలో మూడో వంతు దాటకూడదు.

దాణాను ఇంట్లోనే కలుపుకోవచ్చు. 100 కిలోల దాణాకు మొక్కజొన్న లేక జొన్న నూక 40 కిలోలు, వేరుశనగ చెక్క 20, కంది చున్నీ (పప్పు మిల్లులో మిగిలే పొట్టు, పప్పు నూక) 20, నూనె తీసిన తవుడు 16, ఖనిజ లవణ మిశ్రమం 2, ఉప్పు 1, మెత్తని సున్నపురాయి పొడి 1 కిలో చొప్పున కలిపితే మాంసకృత్తులు సుమారు 17 శాతం వస్తాయి. ఇంకా తల్లి పాలు తాగుతున్న పిల్లలకు వేరే గదిలో పెట్టే దాణాలో ఈ శాతం 18-20 ఉండాలి కాబట్టి చెక్కను 28 కిలోలకు పెంచి, చున్నీని, తవుడును 12 కిలోల చొప్పునకు తగ్గించి, నూకను 44 కిలోలు చేసుకోండి. రోజుకు 150 గ్రాముల చొప్పున నాలుగు నెలలకు ఒక్కో పిల్లకు అయ్యేది 18 కిలోల దాణా. ఆ ఖర్చును ఒక పక్క, దాని వల్ల అదనంగా వచ్చే బరువుకు మీ సంతలో పలికే ధరను ఇంకో పక్క వేసుకుని మీరే లెక్క కట్టండి. అందుకోసం పదిహేను రోజులకోసారి ఐదారు పిల్లలకు గుర్తు పెట్టి, అవే పిల్లలను ఉదయం మేతకు ముందు కాటా వేయడం తప్పనిసరి. చూపుతో బరువు అంచనా వేసేవారిని పొట్ట నిండిన పిల్ల తేలికగా మోసం చేస్తుంది.

మీ 25 పిల్లలకు తలకు అర కిలో చొప్పున వేస్తే రోజుకు పన్నెండున్నర కిలోలు, నాలుగు నెలలకు 15 క్వింటాళ్ల కట్టె కావాలి. వామిలో అంత మంచి కట్టె ఉందో లేదో ఇప్పుడే చూసుకోండి, ఎందుకంటే నల్లబడిన భాగాన్ని ఆ లెక్కలో చేర్చడానికి వీలు లేదు. తడిసి బూజు పట్టిన వేరుశనగ కట్టెలో, కాయల్లో, చెక్కలో అఫ్లటాక్సిన్ అనే విషం తయారవుతుంది. బూజు దులిపినా, ఎండబెట్టినా, ఉడకబెట్టినా ఆ విషం పోదు. అది కాలేయాన్ని దెబ్బ తీస్తుంది. పిల్ల ఒక్కసారిగా పడిపోకుండా, మేత తగ్గించి, బొచ్చు నిగనిగ కోల్పోయి, తిన్నది ఒంటికి పట్టక వారాల తరబడి క్షీణిస్తుంది కాబట్టి రైతు దాన్ని నట్టల (కడుపులో పురుగుల) వల్ల అనుకుని మందులు తాగిస్తూ ఉంటాడు. ఎదిగే పిల్లలకు ఈ విషాన్ని తట్టుకునే శక్తి పెద్ద మేకల కంటే తక్కువ. నల్లబడిన భాగాన్ని, దాని చుట్టూ మూరెడు మందాన బాగున్నట్లు కనిపించే కట్టెను కూడా తీసి ఎరువు గుంతలో వేయండి. పాడి పశువులకు కూడా వేయకండి, ఆ విషం పాలలోకి వస్తుంది. వచ్చే ఏడు వామి కింద రాళ్ల మీద కర్రలు పరిచి నేల తేమ తగలకుండా చేసి, పైన పట్టా కప్పేటప్పుడు పక్కల నుంచి గాలి ఆడేలా వదలండి.

ప్రశ్న: తాండూరు దగ్గర మా ఊరు. పప్పు మిల్లు నుంచి కంది చున్నీ చౌకగా వస్తుంది. ఇంట్లో తవుడు, నూకలు ఉన్నాయి. ఈ మూడూ కలిపి పోతుపిల్లలకు రెండు పూటలా కడుపునిండా పెడుతున్నాను, చొప్ప కొంచెమే వేస్తాను. బాగా బలిశాయి. కానీ గత నెల ఒక పిల్ల రెండు రోజులు ముక్కుతూ నిలబడి, మూత్రం రాక చనిపోయింది. మలబద్ధకం అనుకుని నూనె తాగించాము. మిగతావాటికి కూడా వస్తుందేమోనని భయంగా ఉంది. పిల్లలకు రెండో నెలలోనే విత్తులు కొట్టించాను.

జవాబు: మీరు రాసిన లక్షణాలను బట్టి అది మూత్రంలో రాళ్లు అడ్డుపడటం వల్ల వచ్చిన మరణమేనని దాదాపుగా చెప్పవచ్చు. మాంసం కోసం గింజలు, తవుడు బాగా పెట్టి పెంచే పోతుపిల్లల్లో ఇది తరచుగా కనిపిస్తుంది. బాగా బలిసిన పిల్లకే రావడం వల్ల రైతుకు దెబ్బ గట్టిగా తగులుతుంది. మేత మార్చితే దీన్ని చాలా వరకు ఆపవచ్చు కాబట్టి వివరంగా రాస్తున్నాను.

తవుడులో భాస్వరం చాలా ఎక్కువ, సున్నం చాలా తక్కువ. నూకల్లోనూ సున్నం లేనట్లే. మేక మేతలో సున్నం, భాస్వరం రెండుకు ఒకటి నిష్పత్తిలో ఉండాలి. భాస్వరం అంతకు మించితే, ఎక్కువైనది మూత్రంలోకి చేరి, ఖనిజాలతో కలిసి సన్నని పలుకులుగా గడ్డకడుతుంది. ఆడ మేకల మూత్రనాళం పొట్టిగా, వెడల్పుగా ఉండటం వల్ల ఆ పలుకులు బయటికి పోతాయి. పోతులో అది పొడవుగా, మధ్యలో వంకర తిరిగి ఉంటుంది. చివర దారం లాంటి సన్నని కొస ఒకటి ఉంటుంది, చాలా సార్లు మొదటి అడ్డు అక్కడే పడుతుంది. మరీ చిన్న వయసులో విత్తులు కొట్టిస్తే మూత్రనాళం ఎదగవలసినంత వెడల్పు ఎదగదు, కాబట్టి ఇకముందు ఆ పనిని నాలుగైదు నెలల వయసు వరకు ఆపండి.

పీచు మేత తక్కువైతే ముప్పు ఇంకా పెరుగుతుంది. చొప్ప, కట్టె, ఆకు నమిలే మేక చాలా సేపు నెమరు వేస్తుంది, ఎక్కువ లాలాజలం ఊరుతుంది, ఆ లాలాజలం ద్వారా భాస్వరం పొట్టలోకి తిరిగి వచ్చి పెంటలో బయటికి పోతుంది. దాణాతోనే కడుపు నిండిన మేకలో ఈ దారి మూసుకుని, భాస్వరమంతా మూత్రం దారి పడుతుంది. అందువల్ల మీరు రేపటి నుంచే తవుడు, నూకలను సగానికి తగ్గించి, వారం పది రోజుల్లో దాణాను తలకు 150-200 గ్రాములకు తీసుకురండి. ఆ ఖాళీని మీ ఊళ్లో దండిగా దొరికే కంది పొట్టుతో నింపండి. కంది నూర్చినప్పుడు కల్లంలో మిగిలే కాయ డొప్పలు, ఎండిన ఆకు కలిసిన ఆ పొట్టును మేకలు ఇష్టంగా తింటాయి. పప్పుజాతి ఆకులో సున్నం ఎక్కువ కాబట్టి తవుడు చేసే చెడును అది కొంత సరిచేస్తుంది. దాణాలో 100 కిలోలకు ఒకటి నుంచి రెండు కిలోల సున్నపురాయి పొడి, ఒక కిలో ఉప్పు కలపండి. ఉప్పు తిన్న పిల్ల నీళ్లు ఎక్కువ తాగుతుంది, మూత్రం పలచబడుతుంది. చలికాలంలో మేకలు చన్నీళ్లు సరిగా తాగవు, అందుకని పొద్దెక్కాక బావి నుంచి అప్పుడే తోడిన నీళ్లు పెట్టండి. ఇప్పటికే ఒక పిల్ల చనిపోయింది కాబట్టి, మిగతావాటి దాణాలో అమ్మోనియం క్లోరైడ్ కలపడం గురించి మీ పశువైద్యునితో మాట్లాడండి. 100 కిలోల దాణాకు ఒక కిలో వరకు కలుపుతారు. అది మూత్రాన్ని పులుపు వైపు మార్చి ఈ రకం పలుకులు కట్టకుండా చేస్తుంది.

గుర్తు పట్టడం ఇలా. పిల్ల మందలో నుంచి పక్కకు వచ్చి, వెనుక కాళ్లు చాపి, నడుము వంచి ముక్కుతుంది. తోక అదే పనిగా ఆడిస్తుంది, పొట్ట కేసి కాలు కొడుతుంది, సన్నగా అరుస్తుంది. పొట్ట కింద మూత్రం వచ్చే చోట వెంట్రుకలను వేళ్లతో నలిపి చూడండి. ఇసుక రవ్వల్లా గరగరలాడే తెల్లని పలుకులు అంటుకుని ఉంటే రాళ్లు కడుతున్నట్లే. నేల తడిసే మూత్రానికి బదులు చుక్కలు చుక్కలుగా వస్తుంటే ఆ గంటలోనే పశువైద్యశాలకు తీసుకువెళ్లండి. కొస దగ్గర అడ్డుపడితే వైద్యుడు ఆ దారం లాంటి కొసను కత్తిరించగానే చాలా సార్లు మూత్రం దారి తెరుచుకుంటుంది. మూత్రాశయం పగిలిన తర్వాత చేయగలిగింది దాదాపు ఏమీ ఉండదు. మలబద్ధకం అనుకుని నూనె తాగించడం ఊళ్లలో దాదాపు అందరూ చేసే పనే. రెండూ పైకి ఒకేలా కనిపిస్తాయి కాబట్టి, ముక్కే పోతుపిల్లను చూసినప్పుడు ముందుగా మూత్రం సంగతి చూడాలని ఈ శీర్షిక చదివే మేకల పెంపకందారులందరినీ వేడుకుంటున్నాను.

చున్నీ విషయానికి వస్తే, అది మంచి దాణా సరుకే. పొట్టు, మొలక భాగం, పప్పు నూక కలిసిన చున్నీలో మాంసకృత్తులు 15 శాతం అటూ ఇటూ ఉంటాయి. చౌకగా వచ్చే బస్తాను మాత్రం అరచేతిలో పోసుకుని చూడండి. గోధుమ రంగు పైపొట్టు మధ్య పసుపు పలుకులు బాగా కనిపించాలి. ఒట్టి పైపొట్టే ఉంటే దాన్ని చున్నీ ధరకు కొనకండి, అది పీచు మేత మాత్రమే.

ప్రశ్న: కృష్ణా డెల్టాలో తెనాలి దగ్గర ఉంటాము. మాకు వరిగడ్డి తప్ప వేరే ఎండు మేత లేదు. యూరియాతో ఊరబెడితే గడ్డి బలవర్ధకం అవుతుందని విన్నాము. నాలుగు నెలల మేకపిల్లలకు పెట్టవచ్చా?

జవాబు: పెట్టవద్దు. 100 కిలోల వరిగడ్డికి 4 కిలోల యూరియాను 50 లీటర్ల నీటిలో కరిగించి చల్లి, గాలి చొరకుండా తొక్కి, పట్టా కప్పి 21 రోజులు ఉంచే పద్ధతి పెద్ద పశువులకు మేలు చేసేదే. ఆరు నెలల లోపు మేకపిల్లల నెమరు పొట్ట యూరియా నుంచి వచ్చే అమోనియాను పూర్తిగా వాడుకోలేదు, ఎక్కువైతే అది రక్తంలో చేరి ప్రాణం మీదికి తెస్తుంది. యూరియా కలిపిన బెల్లపు మడ్డి ఇటుకలకూ ఇదే వర్తిస్తుంది. చాలా మంది పశువుల కోసం వేలాడదీసిన ఇటుకను మేకపిల్లలు నాకడం గమనించరు.

ఊరబెట్టని వరిగడ్డి ప్రమాదకరం కాదు గానీ, పిల్లకు దాని వల్ల ఒరిగేది కూడా పెద్దగా లేదు. అందులో ఇసుక లాంటి సిలికా ఎక్కువ, పోషకాలు తక్కువ. అందులోని ఆక్సలేట్లు అనే పదార్థాలు సున్నాన్ని ఒంటికి పట్టనివ్వకుండా పట్టి ఉంచుతాయి. రాత్రి పూట నమలడానికి కొంచెం వేస్తే చాలు.

నిజానికి మీకు వేరే మేత ఉంది. వరి కోసిన మాగాణిలో వేసే మినుము, పెసర నూర్చిన తర్వాత మిగిలే పొట్టు వరిగడ్డి కంటే ఎంతో మేలైనది. మీ ప్రాంతంలో దాన్ని పొలంలోనే వదిలేయడం, తగలబెట్టడం చూసినప్పుడు నాకు మనసు కలుక్కుమంటుంది. ఫిబ్రవరి, మార్చి నెలల్లో నూర్పిడి అయిన రోజునే గోతాల్లో నింపి పొడిగా దాచుకుంటే ఎండాకాలమంతా పిల్లలకు ఆధారం. రెండు జాగ్రత్తలు మాత్రం అవసరం. బూడిద తెగులు వచ్చిన చేను పొట్టులో దుమ్ము ఎక్కువగా ఉండి పిల్లలకు దగ్గు తెప్పిస్తుంది, పెట్టే ముందు జల్లించి, కాసిని నీళ్లు చిలకరించండి. కోతకు ముందు చేను ఆకు ఎండటానికి కలుపు మందు కొట్టి ఉంటే ఆ పొట్టును మేతకు వాడకండి.

ప్రశ్న: వరంగల్ జిల్లాలో పత్తి రైతును. పత్తి ఏరడం అయిపోయాక చేలో మేకలను, పిల్లలను మేపవచ్చా? పత్తి గింజల చెక్క పిల్లల దాణాలో ఎంత కలపాలి?

జవాబు: చెక్క సంగతి ముందు చెబుతాను. పత్తి గింజలో గాసిపాల్ అనే విషపదార్థం ఉంటుంది. ఎదిగిన మేక నెమరు పొట్టలో అది మాంసకృత్తులతో బంధించబడి చాలా వరకు హాని లేకుండా పోతుంది. పొట్ట ఇంకా పక్వానికి రాని పిల్లలో అది శరీరంలో పేరుకుని గుండెను దెబ్బ తీస్తుంది, వారాల తరబడి ఏమీ తెలియకుండా ఒక రోజు పరిగెత్తిన పిల్ల కుప్పకూలుతుంది. మూడు నెలల లోపు పిల్లలకు పత్తి చెక్క అసలే వద్దు. ఆ వయసు దాటిన వాటికి దాణాలో పదో వంతుకు మించకుండా, మిగతా చెక్క వేరుశనగదో సోయాదో వాడండి. మందలో విత్తనపు పోతుగా ఉంచుకోదలచిన పిల్లకు పత్తి చెక్క పూర్తిగా మానేయండి, అది వీర్యాన్ని దెబ్బ తీస్తుంది.

చేలో మేపడం గురించి నా సలహా మరింత జాగ్రత్తగా ఉంటుంది. 2006లో మీ ఉమ్మడి జిల్లాలో పత్తి చేలలో మేసిన గొర్రెలు చనిపోయాయని కాపరులు ఫిర్యాదు చేసినప్పుడు, అది బీటీ పత్తి వల్లనా, పురుగు మందుల వల్లనా, ఇతర కారణాల వల్లనా అన్న దానిపై చాలా వాదోపవాదాలు జరిగాయి. ఆ వాదం ఎటు తేలినా, మన అదుపులో ఉన్నది మందుల విషయం. చివరి పిచికారీ తర్వాత కనీసం నెల రోజులు గడవనివ్వండి. పక్క చేనువారు ఎప్పుడు కొట్టారో కూడా అడిగి తెలుసుకోండి. పిల్లలు మెత్తటి పచ్చి కాయలను, చెట్టున వేలాడే దూదిని ఇష్టంగా కొరుకుతాయి. దూది జీర్ణం కాక పొట్టలో ఉండలా చుట్టుకుంటుంది. ఇవన్నీ చూస్తే పెద్ద మేకలను పొద్దున కొంత మేత వేసి, ఆకలి తీరాక రెండు గంటలు తిప్పి తీసుకురావడం వరకు సరే, పిల్లలను మాత్రం పత్తి చేలోకి దింపకపోవడమే క్షేమం.

ప్రశ్న: నంద్యాల జిల్లాలో జొన్న కోసిన చేలో వాన పడి మోళ్ల నుంచి పచ్చగా పిలకలు లేచాయి. పిల్లలను వదలవచ్చా? శనగ పొట్టు కూడా ఉంది.

జవాబు: పిలకల మీదికి వదలకండి. మోకాలి ఎత్తు లోపు జొన్న పిలకల్లో, బెట్టకు గిడసబారిన జొన్నలో సైనైడ్ విషం తయారవుతుంది. ఊళ్లలో నాము అనేది ఇదే. మేసిన కొన్ని నిమిషాల్లోనే రొప్పు, నురగ, తూలుడు మొదలై జీవం పడిపోతుంది. విరుగుడు సూదులు ఉన్నాయి గానీ, వైద్యుడు చేరేలోగానే చాలా సార్లు ఆలస్యం అవుతుంది. గింజ పండిన తర్వాత కోసి బాగా ఎండబెట్టిన చొప్పకు ఈ భయం లేదు. శనగ పొట్టు పెట్టవచ్చు, అయితే దాని పులుపు వల్ల కొత్తలో కొన్ని పిల్లలకు పెంట పలుచబడుతుంది కాబట్టి జొన్న చొప్ప ఆకుతో సగం సగం కలిపి మొదలుపెట్టండి.

ప్రశ్న: కామారెడ్డి జిల్లా. రాత్రి దొడ్డి తడిక తప్పించుకుని ఐదు పిల్లలు మొక్కజొన్న కల్లంలో పడ్డాయి. తెల్లవారేసరికి పొట్టలు ఉబ్బి ఉన్నాయి. రెండు బతకలేదు. ఇలాంటప్పుడు వెంటనే ఏం చేయాలి? గింజ అంత ప్రమాదమైతే దాణాలో ఎందుకు కలపమంటున్నారు?

జవాబు: గింజ ప్రమాదం కాదు, అలవాటు లేని పొట్టలోకి ఒకేసారి పడటం ప్రమాదం. నెమరు పొట్టలోని సూక్ష్మజీవులు మేతను బట్టి మారుతుంటాయి. ఆకు, పొట్టుకు అలవాటు పడిన పొట్టలో అర కిలో గింజ పడితే అది విపరీతంగా పులిసి, ఆ ఆమ్లం రక్తంలోకి చేరుతుంది. గింజ తిన్నట్లు తెలిసిన క్షణం నుంచి ఇంకా గింజ గానీ, కొద్ది గంటల వరకు నీళ్లు గానీ ఇవ్వకుండా, ఒక్కో పిల్లకు 10 గ్రాముల వంటసోడాను పావు లీటరు నీటిలో కలిపి నెమ్మదిగా, గొంతు పట్టకుండా తాగించి, ఎండు చొప్ప వేసి, నడిపిస్తూ వైద్యుని కోసం కబురు పంపండి. పడుకుని లేవని పిల్లకు నోటి ద్వారా ఏమీ పోయకండి.

దాణాను అలవాటు చేయడానికి పది రోజులు తీసుకోండి. మొదటి రెండు రోజులు తలకు 30 గ్రాములు, తర్వాత రెండు రోజులకోసారి 30 గ్రాముల చొప్పున పెంచుతూ పోయి, ఎప్పుడైనా పెంట పలుచబడితే అక్కడే రెండు రోజులు ఆగండి. గింజకు ముందు ఎప్పుడూ ఎండు మేత పెట్టాలి. రోజు దాణాను రెండు పూటలకు పంచాలి, బలమైన పిల్ల పక్కదాని వాటా తినకుండా తొట్టిలో ఒక్కో పిల్లకు జానెడున్నర చోటు ఉండాలి.

మేత హఠాత్తుగా మారినప్పుడు విజృంభించే మరో జబ్బు చిటుక రోగం. కొత్త చిగురు లేచే తొలకరిలోనూ, గింజ ఎక్కువ పెట్టి కొవ్వించే మందల్లోనూ ఇది బలంగా ఉన్న పిల్లలనే ఎంచుకుని గంటల్లో చంపుతుంది. పశుసంవర్ధక శాఖ సాధారణంగా తొలకరికి ముందు వేసే టీకాను, రెండు మూడు వారాల తర్వాత రెండో మోతాదును పిల్లలకు తప్పకుండా వేయించి, ఆ తర్వాతే దాణా పెంచండి. బతికిన మూడు పిల్లలకు ఈ వారమంతా కంది లేక వేరుశనగ ఆకు మేత, శుభ్రమైన నీళ్లు మాత్రమే ఇచ్చి, మామూలుగా నెమరు వేస్తున్నాయని చూసుకున్న తర్వాత 30 గ్రాముల నుంచి మళ్లీ మొదలుపెట్టండి.